పిడికెడు బియ్యం పళ్ళెం

నేను ఒక పళ్ళేన్ని. స్టీలుదాన్ని, అంచున సొట్ట ఉన్నదాన్ని, ప్రస్తుతం కోపంగా ఉన్నదాన్ని. చర్చి సామానుకు కోపం రాకూడదంటారు. నలభై ఏళ్ళు ఊరందరి ఎంగిలీ మోసి, చివరికి గోనెసంచిలో తలకిందులుగా పడుకున్నాక ఆ మాట నాతో అనమనండి, చూస్తాను.

నన్ను చేసింది ఎక్కడిదో మర. తెచ్చింది మాత్రం పిడికిళ్ళు. మా గోదావరి కాలవగట్టు ఊళ్ళో చర్చికొచ్చే ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి వాటా. ఇంట్లో బియ్యం నిండుకున్న పూట కూడా ఆ డబ్బా జోలికి వెళ్ళరు. అలా కొన్నేళ్ళు పోగేసిన పిడికిళ్ళే మేమంతా. నా అడుగున చుక్కల అక్షరాలతో ‘స్త్రీల సమాజం’ అని కొట్టించారు. మమ్మల్ని తట్టలో పెట్టుకుని చర్చికి మోసుకొచ్చింది అప్పటి కొత్తకోడలు రాహేలమ్మ.

ఆమె భర్త వీర్రాజు చర్చికి క్రిస్మస్ చుట్టం. ఏటా ప్రేమవిందు రోజున వచ్చి, నా ముందే కూర్చుని, “మీ ప్రభువు సంగతి నాకింకా తెలీదు గానీ అయ్యగారండీ, మీ కోడికూరని మాత్రం పూర్తిగా నమ్ముతున్నాను” అనేవాడు. పాస్టరు అయ్యగారు నవ్వేవారు. రాహేలమ్మ నవ్వేది కాదు. అతను బాప్తిస్మం తీసుకోవాలని ఆమె నలభై ఏళ్ళుగా మోకాళ్ళు అరగదీసుకుంటోంది.

ఈలోగా తిమోతి గారు సంఘపెద్ద అయ్యారు. “ఈ రోజుల్లో కూడా అంట్లు తోమడవేంటమ్మా? వాడావా, పారేశావా అన్నట్టుండాలి” అన్నారు. థర్మోకోల్ పళ్ళేలొచ్చాయి. మేం సంచిలోకెళ్ళాం, పాత సామాన్లవాడి కోసం.

ఆ క్రిస్మస్ రోజున గోడవతల నుంచి అన్నీ వింటూనే ఉన్నాను. దేవుడు మొదటి మనిషిని తోటలో పెట్టింది యజమానిగా కాదు, కాపలాకని అయ్యగారు గంటసేపు చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. తర్వాత భోంచేశారు. తర్వాత ఆ థర్మోకోల్ పళ్ళేలన్నీ, అన్నం మెతుకులతో సహా, వెనక కాలవలోకి విసిరారు. ఆమెన్ అన్న నోళ్ళూ, విసిరిన చేతులూ ఒకే ఒళ్ళువి కావా? ఏ కాలవ? ఏటా బాప్తిస్మాలిచ్చేది ఆ కాలవలోనే! నాకు ఒళ్ళు మండింది. స్టీలు మండితే ఎలా ఉంటుందో మీకు తెలియదు.

రాహేలమ్మకీ మండింది. సంచి మూతి విప్పి నన్నొక్కదాన్ని పైటకింద దాచుకుంది. “ప్రభువా, ఒక్క నిమిషం అటు తిరుగు. నా పిడికిలి నేను తీసుకెళ్తున్నాను” అని కళ్ళు మూసుకుని ప్రార్థించి మరీ దొంగతనం చేసింది.

ఆ తర్వాతి ఏడు వీర్రాజుకి విషజ్వరం వచ్చింది. స్త్రీల సమాజం వాళ్ళు నెలరోజులు వంతులేసుకుని జావ కాచిపోశారు. లేచి తిరిగాక ఒక ఉదయం, “సరేలేవే, మునుగుతాను” అన్నాడు. రాహేలమ్మ అటు తిరిగి నన్ను పావుగంట తోమింది. నామీద అంటిందేమీ లేదు.

మళ్ళీ క్రిస్మస్ వెళ్ళాక వచ్చిన ఆదివారం, మునిగి లేచిన భర్తకి మొదటి ముద్ద నాలోనే పెట్టాలని నన్ను సంచిలో వేసుకుని రేవుకొచ్చింది. చూస్తే నీళ్ళు కనబడటం లేదు. మొన్నటి ప్రేమవిందు అక్కడే తేలుతోంది. తిమోతి గారు ప్యాంటు మడిచి, వెదురు గెడతో దాన్నంతా వంతెన కిందికి నెట్టేశారు. “అయిపోయింది. శుభ్రం!” అన్నారు. అయ్యగారు అప్పటికే నడుంలోతు నీళ్ళలో వణుకుతున్నారు.

తెల్లపంచెతో ఆఖరి మెట్టు మీద వీర్రాజు ఆగిపోయాడు.

“అదెక్కడికెళ్తందండీ, తిమోతి గారూ?”

“కిందకెళ్ళిపోద్ది లేవయ్యా. మనకేం?”

“కింద కూడా ఊరుందండి. ఆళ్ళకీ చర్చుంది, రేవుంది.”

“ఆళ్ళ సంగతి ఆళ్ళు చూసుకుంటారు. నువ్వు దిగు, టైమైపోతంది.”

“పొరుగోణ్ణి ప్రేమించాలని మా ఆవిడ ఇన్నేళ్ళూ జోరీగలా నా చెవిలో చెప్తానే ఉందండి. పొరుగోడంటే పైనూరోడేనా, కిందూరోడు కాదా? నేను దిగను.”

అందరూ రాహేలమ్మ వైపు తిరిగారు. “నువ్వైనా చెప్పమ్మా” అన్నారు అయ్యగారు, పళ్ళు టకటకలాడుతుంటే. ఆమె దిగవయ్యా అంటే అతను దిగుతాడు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. నలభై ఏళ్ళ ప్రార్థనకీ, నీళ్ళకీ మధ్య ఒక్క మెట్టు.

“ఇన్నాళ్ళూ నోరు ముయ్యని మనిషివి, ఇయ్యాల ఒక్క గంట మూసుకోలేకపోయావా?” అంది భర్తతో. నేను సంచిలో బిగుసుకుపోయాను.

తర్వాత చీర కుచ్చిళ్ళు ఎగదోపి, నన్ను బయటికి లాగి, వంతెన అవతలికి నడిచి కాలవలోకి దిగింది. నాతోనే తోడి గట్టున పోసింది. ఇంకొకావిడ దిగింది. వీర్రాజు తెల్లపంచెతోనే దిగాడు. అయ్యగారు ఎలాగూ తడిశారు కదా, గెడ ఆయన చేతికిచ్చారు. తిమోతి గారు మాత్రం గట్టున పొడిగా నిలబడ్డారు.

రాహేలమ్మ ఆ నానిన కుప్పని ఆయన కాళ్ళ దగ్గర దిమ్మరించింది.

“ఇయిగోనండీ, మీ ప్లేట్లు. పారెయ్యడానికి దేవుడిది కాని చోటేదన్నా ఉంటే చూపించండి. అక్కడ పారేద్దాం.”

ఆయన ప్యాంటు మడత ఇంకాస్త పైకి లాక్కుని ఓ అడుగు వెనక్కి వేశారు.

ఆ రోజు బాప్తిస్మం జరగలేదు. వచ్చే ఆదివారం మునుగుతానన్నాడు వీర్రాజు, కిందూరి రేవు కూడా చూసొచ్చాకే. ఇన్నేళ్ళు ఆగినదాన్ని, ఇంకో వారం ఆగలేనా అంటూనే రాహేలమ్మ గోడమీది క్యాలెండరు వైపు గంటకోసారి చూస్తోంది.

పాత సామాన్లవాడు ఏడాదైనా పట్టుకెళ్ళని మా గోనెసంచిని నిన్న తిమోతి గారు తిరిగి చర్చి వంటపాకలో పెట్టించారు. “మరి ఇయన్నీ కడిగేదెవరమ్మా?” అని అడిగారట.

“తిన్నోళ్ళండి” అంది రాహేలమ్మ.

నన్ను చింతపండుతో నాలుగుసార్లు తోమింది. కాలవ కంపు పోలేదు. నా కోపమూ పోలేదు. పోకపోతే పోనీలే అంటోంది. ఆదివారం మొదటి ముద్దకి వీర్రాజు ముందు వేరే పళ్ళెం పెడుతుందట. నన్ను తిమోతి గారికి వేస్తుందట.