ఓదిల్ వాంగ్మూలం

చీరమేను కడగడానికి ఓపిక కావాలి. వెంట్రుకల్లాంటి ఆ చేపపిల్లల్లో ఇసుక, నాచు, పుల్లలు అన్నీ కలిసి ఉంటాయి. ఉప్పూ పసుపూ వేసి పలచటి గుడ్డలో ఏడెనిమిది నీళ్ళు మార్చాలి. ఆరోసారి నీళ్ళు వంపుతుంటే వరండాలోంచి మా ఆయన కేక.

"సీతా, ఆఖరి కాయితాలు చదివేసేవా? పత్రికవాళ్ళు మళ్ళీ ఫోన్ చేసేరు. సబ్బెట్టి చేతులు కడుక్కుని మరీ ముట్టుకో, నీచు కొడతాయి."

మా ఆయన వీరభద్రరావు, తెలుగు లెక్చరరుగా రిటైరయ్యారు. కాకినాడ వారపత్రికలో రేనాల్ అనే కిరాయి ఉగ్రవాది కథ సీరియల్‌గా రాస్తున్నారు. ఏ దేశం పిలిస్తే ఆ దేశం తరఫున బాంబులు పెట్టినవాడు. వాడి మీద జరిగిన విచారణ కాగితాలు పక్కింటి లూయిస్ పారిస్‌లోని చుట్టాల చేత తెప్పించాడు. అన్నీ ఫ్రెంచిలోనే. మా ఆయనకి ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి యానాం తిరిగొచ్చిన మా నాన్న, బెత్తం పట్టుకుని నాకు నేర్పిన భాష అది. ఇరవై మూడు వారాలుగా వంటయ్యాక నేను చదివి తెలుగులో రాసి పెడుతున్నాను. ఆయన నాలుగు విశేషణాలు తగిలిస్తారు, పైన తన పేరు పెడతారు, ఫొటోలు తీసి పత్రికకి పంపేది మళ్ళీ నేనే. ఎవరైనా ఇంటికొస్తే మాత్రం "మా ఆవిడక్కూడా కాస్త ఫ్రెంచి వచ్చులెండి" అంటారు. అత్త సొమ్ము అల్లుడు దానం!

పత్రిక రాగానే లూయిస్ పరిగెత్తుకొస్తాడు. "మొగాడంటే ఈడేనండీ మాస్టారూ! నాలుగు దేశాల పోలీసుల్చేత మూడు చెరువుల నీళ్ళు తాగించేడు." మా ఆయన ఆ పనులన్నీ తనే చేసినట్టు మురిసిపోతారు. వాడు బాంబు పెట్టి పేల్చిన రైల్లో చనిపోయిన పన్నెండుగురి పేర్లూ వయసులూ నేను రాస్తే, "జాబితా ఎవడు చదువుతాడే? నడక దెబ్బతింటుంది" అని అడ్డంగా గీత కొట్టేశారు. వాడి తుపాకీ, వాడి సిగార్లు, వాడి ప్రేయసులు మాత్రం ఉండిపోయారు.

చేతులు కడుక్కుని ఆఖరి కాగితాలు చదివాను. ప్రభుత్వాలు మారాక వాడికి మేడలిచ్చిన మంత్రులే గుమ్మం తొక్కనివ్వలేదు. దొంగపేరుతో ఒక రేవు పట్నంలో ఓదిల్ అనే ఆవిడ ఇంట్లో తొమ్మిదేళ్ళు దాక్కున్నాడు. ఆవిడ వండిపెట్టింది, బట్టలుతికింది, చక్కెర జబ్బుకి సూదులు పొడిచింది. కోర్టులో ఆవిడ చెప్పింది మా ఆయనకి తెలుగులో చదివి వినిపించాను.

"టీవీలో ఆ రైలు చూపించారు. అతని పాత ఫొటో చూసి పోల్చుకున్నాను. తర్వాత ఒక పసిపిల్ల చెప్పు చూపించారు. అతను దాన్ని చూస్తూనే, చారులో ఉప్పు తక్కువైందన్నాడు. నేను గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుని, పోలీస్ స్టేషనుకి నడిచి వెళ్ళాను."

మా ఆయన పగలబడి నవ్వారు. "ఉప్పు తక్కువైందంటే పట్టించేసిందా! అంతమందిని గడగడలాడించినోణ్ణి వంటావిడ పట్టించిందంటే హీరో తేలిపోడూ? ఓ తెలివైన ఇన్‌స్పెక్టర్ని పెట్టు. వల పన్నేడని రాయి."

"హీరో ఎవరండీ?"

"అబ్బా, మాటవరసకి అన్నాను. నీకెంతసేపు, అయిదు నిమిషాలు."

అసహ్యం వేసింది. వాడి మీద, ఈయన మీద, అందరికంటే ఎక్కువగా నా మీద. పన్నెండుగురి పేర్ల మీద గీత పడుతుంటే పక్కనే నిలబడి కాఫీ అందించినదాన్ని నేను. ఇరవై మూడు వారాలు నా రాతతో ఒక హంతకుడి చొక్కాలు ఇస్త్రీ చేసి పెట్టినదాన్ని కూడా నేనే.

ఫ్రెంచి కాగితాలు ఆయన ఒళ్ళో పెట్టాను. "అంతా ఇందులోనే ఉందండీ. రాసుకోండి."

లోపలికొచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. ఓదిల్ మాటలు గుర్తున్నాయి, చెప్పినవి చెప్పినట్టు తెలుగులో రాశాను. కింద, ఆయన గీత కొట్టేసిన పాత కాగితం చూసి, పన్నెండు పేర్లూ వయసులతో సహా రాశాను. రచన అన్నచోట సీతామహాలక్ష్మి అని రాసి, ఫొటోలు తీసి పత్రికకి పంపేశాను.

వరండాలో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు ఆగింది. "సీతా, ఇందులో ఏం రాసుందే?"

"ఆదివారం పత్రికలో చదువుకుందురుగాని," అన్నాను. "తెలుగులోనే ఉంటుంది."