బోరు నీళ్ల ఫలితం

రాజోలు దగ్గరి ఒక లంక ఊళ్లో బోరు నీళ్లు పరీక్షకు తీసుకెళ్లిన పరిశోధకురాలు ఝాన్సీ, రెండేళ్ల తర్వాత ఒంటరిగా తిరిగొచ్చింది. ఫలితాలు ఇంగ్లిషు పరిశోధన పత్రికలో ఎప్పుడో అచ్చయ్యాయి. ఊళ్లోవాళ్లకూ చెబుదామంటే, "పేపరు వచ్చేసింది కదా, ఇక మన పని అయిపోయింది" అన్నారు ఆమె ప్రొఫెసరు. చివరికి తనే ఒక్కో ఇంటి ఫలితం తెలుగులో రాసుకుని, సెలవు పెట్టి బయల్దేరింది.

మొదటి ఇంట్లో చిన్నమ్మలు కాగితం అందుకుంది.

"మా నీళ్లు మంచియ్యేనాండీ?"

"కాదు పిన్నిగారూ. నాలుక్కి తెలియదు గానీ, ఉండాల్సినదానికంటే ఉప్పు ఎక్కువుంది. తాగకండి."

"ఆయ్. మీకెప్పుడు తెలిసిందండీ?"

"పోయినేడాది."

చిన్నమ్మలు కోప్పడలేదు. అరుగు మీది బిందె వంచి నీళ్లన్నీ పారబోసింది. ఝాన్సీని కూర్చోమనకుండానే లోపలికి వెళ్లిపోయింది.

ఇంకా పదకొండు ఇళ్లున్నాయి. పక్కింటి గుమ్మం ముందు నిలబడి, ఝాన్సీ ఆ ఇంటి కాగితం బయటికి తీసి తలుపు తట్టింది.