కౌంటరులో ఫోను

సబియా రెండేళ్లుగా కనిపెట్టుకుని ఉన్న గెలాక్సీ ఆ ఉదయం ఒక్కసారిగా వెలిగింది. దాని నడుమనున్న కృష్ణబిలం దగ్గరి నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు నిన్నటికి పదింతలయ్యాయని, ఆకాశమంతా గాలించే చిన్న ఉపగ్రహం చూపించింది. ఇలాంటి వెలుగు ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఆలోపే పెద్ద ఉపగ్రహాన్ని అటు తిప్పమని అడగాలి. ఆ అభ్యర్థన ఆమె గైడు వెంకటముని పేరుమీదే పోవాలి. పాస్‌వర్డ్ సబియాకు తెలుసు. ఓటీపీ మాత్రం ఆయన ఫోనుకే వస్తుంది.

ఆయన తిరుమలలో దర్శనం క్యూలో ఉన్నాడు. ఫోను కౌంటరులో ఇచ్చి లోపలికి పోయాడు.

"ఇంకోసారి చేసి సూడు," అన్నాడు ల్యాబులో పక్క సీటులోని ఏబెల్.

"ఎన్నిసార్లు సూడాలబ్బా? స్విచాఫ్, స్విచాఫ్ అని ఆయమ్మ సెప్తానే ఉండాది. నువ్వొకడివి నా పానానికి!"

సాయంత్రం వెంకటమునే ఫోను చేశాడు. "ఏమ్మా, ఇన్ని మెసేజీలు పెట్టినావు?"

ఆమె సంగతి చెప్పింది.

"యాభై కోట్ల ఏండ్లు ప్రయాణం చేసొచ్చిన వెలుగమ్మా, ఒక పూట ఆగదా?"

"ఆగలేదు సార్. అప్పుడే సగానికి పడిపోయినాది. ముందు ఓటీపీ సెప్పండి."

ఆయన చెప్పాడు. అభ్యర్థన పోయింది. ఉపగ్రహాన్ని రేపు మధ్యాహ్నం అటు తిప్పుతామని జవాబు వచ్చింది. అప్పటికి చూడ్డానికి ఏం మిగులుతుందో సబియాకు తెలుసు.

"దర్శనం బాగా అయిందమ్మా. నీకూ లడ్డు తెస్తాండా."

"తెండి సార్. ఈసారి కొండకు పోయేటప్పుడు మాత్రం ఫోను నా చేతికిచ్చి పోండి. ఆడ కౌంటరులోనైనా ఎవురికో ఒకరికి ఇయ్యాల్సిందే గదా."