ఖాళీ పెట్టె బరువు

బస్తాను తాకకముందే దాని బరువు చెప్పడం సాయన్నకు ఇరవై ఏళ్ల అలవాటు. ఆర్మూరు మార్కెట్‌ యార్డులో పసుపు బస్తాలు మోసుకురాగానే, కాంటా పెట్టకముందు హమాలీలంతా అతని వైపు చూసేవాళ్లు. కిందటి వానాకాలం బస్తాల వరస మీది నుంచి పడి తలకు దెబ్బ తగిలాక మూడుసార్లు అతని అంచనా తప్పింది. మేస్త్రీ గంగాకిషన్‌ అడగడం మానేశాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే సాయన్నను లోపల తొలిచేది. చెడింది తన చూపా, చూపు మీద తనకున్న నమ్మకమా?

ఆ ఏడు, పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో, బస్టాండు పక్కన మ్యాజిక్‌ డేరా వెలిసింది. మధ్యాహ్నం ఆటకు సాయన్న, గంగాకిషన్‌ ఇద్దరూ వెళ్లారు. మెజీషియన్‌ ఒక అమ్మాయిని చెక్కపెట్టెలో కూర్చోబెట్టి, తలుపు మూసి, చేతులు తిప్పి మళ్లీ తెరిచాడు. లోపల ఎవరూ లేరు. ఇద్దరు మనుషులు పెట్టెను తెర వెనక్కి మోసుకుపోయారు. కాసేపటికి అమ్మాయి జనం వెనక నుంచి నవ్వుతూ నడిచివచ్చింది.

“గాయన చేతులే చూసిన. రెప్ప గూడ కొట్టలే,” అన్నాడు గంగాకిషన్‌.

సాయన్న చూసిందీ చేతులనే. ఇంటికొచ్చాక అదే అతన్ని కుట్టింది. చేతులు చూసి తను ఏనాడూ బరువు చెప్పలేదు; మోసేవాళ్ల అడుగులు చూసే చెప్పాడు.

మర్నాడు గంగాకిషన్‌ను మళ్లీ లాక్కెళ్లాడు.

“పిచ్చి లేసిందా సాయన్నా?”

“జర నడువు.”

ఈసారి సాయన్న మోసేవాళ్ల కాళ్లు చూశాడు. పెట్టెను తెచ్చేటప్పుడు అడుగులు వదులుగా, పొడుగ్గా పడ్డాయి. తీసుకుపోయేటప్పుడు పొట్టివయ్యాయి, మోకాళ్లు కొంచెం వంగాయి. అతను ఆలోచించలేదు. అంకె దానంతటదే నోట్లోకి వచ్చింది.

“నలభై ఒకటి.”

“ఏంది?”

“పొల్ల పెట్టెల్నే ఉన్నది. నలభై ఒక్క కిలో.”

“ఖాళీ చూపెట్టిండు గదనే.”

“పెట్టె చూపెట్టిండు. మోకాళ్లు దాచుడు మర్సిపోయిండు.”

ఆట అయ్యాక డేరా వెనక్కి వెళ్లి అదే మాట చెప్పాడు. మెజీషియన్‌ తలపాగా విప్పుతూ ఆగిపోయాడు. ట్రంకు మీద కూర్చుని పల్లీలు తింటున్న అమ్మాయి తల ఎత్తింది.

“మొన్న దవాఖానల కాంటా గంతే చూపెట్టింది,” అంది.

“లోపల అద్దం ఉంది, పెద్దాయనా. దాని వెనక కూర్చుంటుంది,” అన్నాడు మెజీషియన్‌ మెల్లగా. “ఎవరికీ చెప్పకండి.”

“చెప్ప. గని నీ మనుషులకు నడుసుడు రాదు.”

పొద్దు వాలేదాకా సాయన్న వాళ్లిద్దరికీ నడక నేర్పాడు. బరువు నడుము మీదికి తెచ్చుకుని పాదం తేలిగ్గా వేయడం, మోస్తూనే పక్కవాడితో ముచ్చట పెట్టడం.

మూడో రోజు గంగాకిషన్‌ కళ్లు చికిలించుకుని మోసేవాళ్ల కాళ్లనే చూశాడు. పెట్టె తెర దాటింది.

“ఇయ్యాల నిజంగనే ఖాళీ,” అన్నాడు.

“బువ్వ మస్తు తిన్నది. నలభై ఒకటిన్నర.”

గంగాకిషన్‌ అతని వైపు తిరిగాడు. “రేపు పొద్దుగాల బస్తాలొస్తయి. కాంటా కంటె ముందుగాల నువ్వే చెప్పాలె.”

అప్పుడే అమ్మాయి జనం వెనక నుంచి వచ్చింది. డేరా దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. సాయన్న లేచి నిలబడి, అందరికంటే గట్టిగా కొట్టాడు.