పోటుకు చిక్కిన అత్తాకోడళ్ళు

సముద్రం చూపిస్తాను రమ్మని కోడలు ఇవోన్ అడిగినప్పుడు దొమితీలియా మొదట నమ్మలేదు. తన ఊరు బేజ చుట్టూ ఉన్న గోధుమ చేలు తప్ప మరో లోకం ఎరగని మనిషి ఆమె. అరవై దాటాక ఇప్పుడీ తిరుగుడు. సముద్రపు ఊరు లాగూష్‌లో కోటగోడ పక్కన కాల్చిన సార్డీన్ చేపలు తిన్నారు, ఫెర్రగూదు అనే రేవు ఊరి సందుల్లో కాళ్ళు నొప్పెట్టేదాకా ఎక్కి దిగారు, ఎక్కడ ఇసుక కనిపిస్తే అక్కడ బస్సు దిగారు. అంతా బాగానే ఉంది కానీ నీళ్ళంటే ఆమెకు వల్లమాలిన భయం. మడమ తడిస్తే చాలు, వెనక్కి గెంతేది.

"కరవదు అత్తయ్యా, రండి," అని నవ్వేది ఇవోన్.

"కుక్కైతే కరిచేముందు మొరుగుతుందే అమ్మాయ్. ఇది నవ్వుతూ వస్తుంది."

ఆ మధ్యాహ్నం జనం తక్కువగా ఉన్న చోటు వెతుక్కుంటూ, నీళ్ళలోకి పొడుచుకొచ్చిన ఒక రాతిగుట్టను చుట్టి అవతలి ఇసుకలోకి వెళ్ళారు. మూడు వైపులా నిట్టనిలువు కొండ. పైకి దారి లేదు. కొండ విరిగిపడుతుంది, కింద కూర్చోవద్దని బోర్డు ఉంటే, ఇద్దరూ దూరంగా తువ్వాలు పరుచుకున్నారు. ఇవోన్ అంజూర పండు ఒలిచి అత్త చేతిలో పెట్టింది.

"అత్తయ్యా, నేను అదెరీతును వదిలేస్తున్నాను. ఇక ఆ ఇంటికి రాను. మీకు మొహం మీదే చెప్పాలని తీసుకొచ్చాను."

అదెరీతు దొమితీలియాకు ఒక్కగానొక్క కొడుకు. ఆమె పండు తువ్వాలు మీద పెట్టేసింది.

"మొగుడూ పెళ్ళాలన్నాక..."

"ఆ మాట అనకండి. మీ అబ్బాయి నా తల పట్టి గోడకేసి కొట్టిన రోజు మీరు వంటింట్లోనే ఉన్నారు. రేడియో గొంతు పెంచారు."

అది నిజమే మరి. ఇద్దరూ చెరోవైపు మొహం తిప్పుకుని చాలాసేపు కూర్చున్నారు. చెప్పులు నీళ్ళలో తేలుతుండడం చూసింది ఇవోన్. తలెత్తేసరికి వాళ్ళు వచ్చిన దారి లేదు. రాతిగుట్ట నడుము దాకా నీళ్ళు, దాని మీద తెల్లగా విరుగుతున్న అలలు. సముద్రం పోటు మీదుంది.

"ఎందాకా వస్తుందే ఇది?"

ఇవోన్ కొండగోడ వైపు చూసింది. నత్తగుల్లలు అంటుకున్న తడి చార ఒకటి గోడ పొడవునా ఉంది. పోటు నీళ్ళు ఎక్కే మేర అది, వాళ్ళ తలల కంటే ఎత్తులో ఉంది. దొమితీలియా కూడా చూసింది.

ఆ కొండల కింద ఫోన్ పలకలేదు. అరిచినా అలల హోరులో ఎవరికీ వినబడలేదు. ఇవోన్ తన సంచీని అత్త మెడలో వేసి, మధ్యలో ఉన్న బండ ఎక్కించింది.

"నేను ఈదుకుంటూ గుట్ట దాటి ఎవరినైనా తీసుకొస్తాను. గోడ దగ్గరికి మాత్రం పోకండి."

"నన్నొదిలేసి పోతావా?"

"పోక తప్పదు అత్తయ్యా," అంది ఇవోన్. అలలోకి దూకి గుట్ట అవతలికి మాయమైంది.

నీళ్ళు బండ ఎక్కాయి. పాదాలు, పిక్కలు, మోకాళ్ళు తడిశాయి. వెనక కొండ మీంచి మన్ను జారుతున్న చప్పుడు, ఆ తర్వాత పొయ్యంత పెళ్ళ ఒకటి విరిగి ధబ్బున నీళ్ళలో పడింది. ముందుకీ వెనక్కీ చావే కనిపించింది దొమితీలియాకు. దేవమాతను తలుచుకోబోతే ప్రార్థన సగంలో మరిచిపోయింది. ఎంతసేపు చూసినా ఎవరూ రాలేదు. రాదు, అనుకుంది. ఎందుకొస్తుంది? కోడలు తిరిగి రావడానికి ఒక్క కారణమైనా దొరుకుతుందేమోనని మనసంతా వెతికింది. దొరకలేదు. నీళ్ళకంటే అదే ఎక్కువ భయపెట్టింది.

ఇంజను చప్పుడు వినబడేసరికి నీళ్ళు ఆమె నడుముకొచ్చాయి. యాత్రికులకు గుహలు చూపించే పడవ ఒకటి ఖాళీగా వెళ్తూ ఇటు తిరిగింది. నడిపేవాడు జెఫెరీను, నెరిసిన గడ్డం మనిషి.

"పోటు వేళ అక్కడేం పని తల్లీ? చెయ్యందుకో."

"నా కోడలు పంపిందా?"

"ఎవరూ పంపలేదు. దారిన పోతూ చూశాను."

"గుట్ట అవతల ఈదుతూ ఒక పిల్ల కనబడలేదూ?"

"ఒక్క పురుగు కూడా లేదు."

పడవలోకి ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు.

"వెతుకు నాయనా."

"ముందు నిన్ను ఒడ్డున దింపి..."

"వెతక్కపోతే ఇప్పుడే దూకుతాను," అంది. ఆ గొంతు విని అతను వాదించలేదు.

గుట్ట కొసన కొండకు ఒక గుహ ఉంది. అక్కడ కనబడింది ఇవోన్. అలలు ఆమెను దాంట్లోకి లాగేసుకున్నాయి. రాతి అంచు పట్టుకుని వేలాడుతోంది. కాలు చీరుకుని నీళ్ళు ఎర్రబడ్డాయి. పెదవులు నీలంగా ఉన్నాయి. అల వచ్చినప్పుడల్లా ఆమె తల మునిగిపోతోంది.

"నేను ఇంజను వదిలితే పడవ రాళ్ళకు కొట్టుకుంటుంది. నువ్వే అందుకోవాలమ్మా," అన్నాడు జెఫెరీను.

దొమితీలియా పడవ అంచు మీద బోర్లా పడుకుంది. అల మీదికొచ్చి మొహమంతా ముంచేసింది. ఉప్పునీళ్ళు ముక్కులో, గొంతులో నిండాయి. ఊపిరాడక చచ్చిపోతున్నాననుకుంది, అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వేళ్ళకు జుట్టు తగిలింది. పట్టుకుని లాగింది, తర్వాత చంకలో చెయ్యి వేసి లాగింది. ఇద్దరూ పడవ అడుగున చేపల్లా పడ్డారు.

"నేను రానేమో అనుకున్నారా?" అంది ఇవోన్, పళ్ళు టకటకలాడుతుంటే.

"అనుకున్నానే," అంది దొమితీలియా. తన తడి కోటు తీసి ఆమె మీద కప్పి గట్టిగా పట్టుకుంది.

ఫెర్రగూదు రేవులో జెఫెరీను ఇవోన్ కాలికి కట్టు కడుతుండగా సంచీలో ఫోన్ మోగింది. అదెరీతు. ఇవోన్ మొహంలో రక్తం ఇంకిపోవడం అత్త చూసింది. ఫోన్ తనే తీసి, "నేనురా," అంది.

"అది ఎక్కడమ్మా? ఫోనెందుకు ఎత్తట్లేదు?" కొడుకు గొంతు మామూలుగానే, మెల్లగానే ఉంది. ఆ మెల్లదనం ఏమిటో దొమితీలియాకు తెలుసు. వాళ్ళ నాన్న కూడా అలాగే మొదలెట్టేవాడు.

"నా దగ్గరుంది. ఇంటికి రాదు. నేనూ ఇప్పట్లో రాను."

"ఏమన్నావ్?"

ఆమె మళ్ళీ చెప్పింది. ఆ వెంటనే ఫోన్ కట్టేసింది.

"వస్తాడు అత్తయ్యా," అంది ఇవోన్.

"వస్తాడు," అంది దొమితీలియా. లేచి వెళ్ళి, ఆ రాత్రికి లోపల గడియ ఉన్న గది ఎక్కడ దొరుకుతుందని జెఫెరీనును అడిగింది.