బిరడా గుచ్చని గాలం

వడమాలపేటలో మునిరామయ్య శెట్టి చేపలు పడతాడంటే నమ్మేవాళ్లు ఒక్కరూ లేరు. నమ్మరు కాబట్టే ఆయన రెండేళ్లుగా నిశ్చింతగా పడుతున్నాడు. ఏకాదశినాడు ఉల్లిపాయ కూడా గడప దాటని ఇల్లు వాళ్లది. అంగడిలో కందిపప్పూ బెల్లమూ తూచే ఆ చేతులు చెరువుగట్టున గాలం విసురుతాయని ఎవరైనా చెబితే, చెప్పినవాడికే పిచ్చి అనుకునేవాళ్లు.

ఈ సరదా అంటించినవాడు ప్రేమానందం. రేణిగుంటలో రైల్వే గార్డుగా ఉండేవాడు, అరక్కోణానికి బదిలీ అయినప్పుడు తన గాలం కర్రను శెట్టికి ఇచ్చి వెళ్లాడు. మద్రాసులో కొన్న రీలు కర్ర అది. వానపామును గుచ్చే పని లేదు. దారం చివర చెంచా ముక్కలాంటి మెరిసే రేకు, రేకు కింద మూడు ముళ్ల గాలం. నీళ్లలో రేకు తళుక్కుమంటే చిన్న చేప అనుకుని కొరమీను వచ్చి కరుచుకుంటుంది. శెట్టికి నచ్చిందే అది. వానపామును చంపిన పాపం లేదు. పడిన చేపను విడిపించి మళ్లీ నీళ్లలోకే వదులుతాడు కాబట్టి ఆ పాపమూ లేదు. దేవుడితో ఇలా సర్దుబాటు చేసుకున్న పెద్దమనిషికి పెళ్లాంతో సర్దుబాటు చేసుకునే దారి మాత్రం దొరకలేదు. తెలిస్తే జ్ఞానాంబ గొడవ చేయదు, మాట్లాడటం మానేస్తుంది. లోకంలో అంతకంటే ఆయనకు భయమైనది ఇంకొకటి లేదు.

కర్రతోపాటు ప్రేమానందం ఒక మందుసీసా బిరడా కూడా ఇచ్చాడు. "శెట్టీ, ఇసరని పొద్దు ముల్లు ఆడరాదు. మూడు ముళ్లూ దీంట్లో గుచ్చు, దారం బిగించి దీన్ని కర్రకు కట్టెయ్. ఆమీట యాడన్నా పెట్టుకో. ఊరికే వదిలేస్తివా, సేపకన్నా ముందు ఇంట్లోవాళ్లనే పడతాది" అన్నాడు. శెట్టి ఆ మాట తప్పలేదు. ప్రతిసారీ ముళ్లను బిరడాకు గుచ్చి, కర్రను పశువుల కొట్టం కప్పులో వాసాల మధ్య దాచేవాడు.

శుక్రవారాలు జ్ఞానాంబ తిరుచానూరు అమ్మవారి గుడికి వెళ్లి చీకటి పడ్డాక వస్తుంది. ఆ సాయంకాలాలే శెట్టివి. అంగడి గుమాస్తాకు అప్పజెప్పి, చెరువు ఆవలిగట్టుకు చేరుకునేవాడు. ఆ శుక్రవారం పెద్ద కొరమీను పడింది. అది గుంజిన గుంజుడుకు చేతులు నొప్పిపుట్టాయి. ఆ సంతోషంలో పొద్దు సంగతి మరిచాడు. గబగబా పెరటి దారిన వచ్చి, గడ్డివామి పక్కన గొంతుక్కూర్చుని జేబులోంచి బిరడా తీశాడో లేదో, వీధి తలుపు చప్పుడైంది.

"ఏమండీ, దీపం కూడా పెట్టలేదే?" అంది జ్ఞానాంబ లోపలి నుంచి. గుడిలో జనం లేక ముందు బస్సుకే వచ్చేసింది.

 శెట్టి బిరడాను మళ్లీ జేబులోకి తోసి, కర్రను ఉన్నదున్నట్టు వామిలోకి దూర్చి, ధోవతి దులుపుకుని లోపలికి నడిచాడు. పొద్దున్నే తీసి సర్దుకోవచ్చులే అనుకున్నాడు.

పొద్దున ఆయన లేచేసరికి జ్ఞానాంబ ఆ వామిలోంచే గడ్డి పీకి అలమేలుకు వేసేసింది. అలమేలు వాళ్ల ఆవు. పిల్లలు లేని ఆ ఇంట్లో జ్ఞానాంబ పేరుపెట్టి పిలుచుకునేది దాన్నొక్కదాన్నే. తిరుచానూరులో దూడగా కొని, అమ్మవారి పేరు పెట్టి, ఎద్దుబండిలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది.

ఆమె వంటింట్లోకి వెళ్లాక శెట్టి కర్రను బయటికి లాగాడు. కర్ర ఉంది, రీలు ఉంది. దారం చివర రేకూ లేదు, గాలమూ లేదు. నిన్నటి కొరమీను గుంజుడుకు వదులైన ముడి, గడ్డి పీకేటప్పుడు ఊడిపోయినట్టుంది. ఆయన మోకాళ్లమీద కూర్చుని గడ్డి అంతా వెతికాడు. గాడిలో వెతికాడు. ఎక్కడో మట్టిలోనే పడి ఉంటుంది అని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకుంటూనే ఆవు వంక చూశాడు. అలమేలు గడ్డి ముట్టకుండా నిలబడి ఉంది. మూతి నుంచి చొంగ తీగలా కారుతోంది.

కొట్టం ఊడ్చే సుబ్బులమ్మ చూడగానే తేల్చేసింది. "గాలికుంటు అమ్మా ఇది. నోరంతా పుండ్లు పడుంటాది. నాలికకు ఉప్పూ పసుపూ రుద్దితే రెండు దినాల్లో మేత మేస్తాది, సూడు."

జ్ఞానాంబ గిన్నెలో ఉప్పూ పసుపూ కలుపుకుని వచ్చింది. "మీరు దవడ గట్టిగా పట్టుకోండి, నేను రుద్దుతాను" అంది.

చెప్పేదుంటే అప్పుడే చెప్పాలి. మాట గొంతుదాకా వచ్చింది కూడా. గాలికుంటే అయి ఉండొచ్చు గదా, ఊళ్లో పోయిన నెల రెండు ఎద్దులకు వచ్చింది గదా, అనుకున్నాడు. అలా అనుకోవడం ఎంత సుఖంగా ఉందో చెప్పలేం. దవడ పట్టుకున్నాడు. ఉప్పు తగలగానే అలమేలు ఒళ్లంతా ఎగిరిపడింది. కొయ్యకు కొమ్ము కొట్టుకుంది. దాని కంట్లోంచి నీళ్లు కారి ఆయన మణికట్టు మీద పడ్డాయి. "ఓర్చుకో తల్లీ, నీ మేలుకే" అంటూ జ్ఞానాంబ మళ్లీ రుద్దింది. శెట్టి ముఖం పక్కకు తిప్పుకున్నాడు గానీ చేయి వదల్లేదు.

మధ్యాహ్నానికి చొంగలో నెత్తురు కలిసింది. పుత్తూరుకు కబురు పెడితే పశువుల కాంపౌండరు కృష్ణమూర్తి సైకిలు మీద వచ్చాడు. ఆవు నోరు తెరవనివ్వలేదు. పెదవులు ఉప్పుకు ఎర్రగా పొక్కి ఉండటం చూసి ఆయనా గాలికుంటే అన్నాడు.

"మేత లేక నీరసపడింది శెట్టిగారూ. గొంతులోకి గొట్టం వేసి మందు పోస్తాను. రాత్రికి తేరుకుంటాది" అని సంచిలోంచి రబ్బరు గొట్టం తీశాడు. జ్ఞానాంబ తల పట్టుకుంది. సుబ్బులమ్మ తాడు బిగించింది. కృష్ణమూర్తి గొట్టానికి నూనె రాసి ముందుకు వంగాడు.

ఆ గొట్టం నాలుక మీదుగానే లోపలికి పోవాలి. అక్కడ మూడు ముళ్లున్నాయి. అవి గొంతులోకి దిగితే ఇక బయటికి రావు. 

"గొట్టం వెయ్యొద్దు" అన్నాడు శెట్టి. "దాని నోట్లో గాలం ఉండాది."

కృష్ణమూర్తి వెనక్కి తిరిగాడు. "చేపల గాలమా? మీ ఇంట్లోకి యాడిది?"

"నాదే. నిన్న నేనే వామిలో పెట్టినాను, ముల్లు కట్టకుండా."

జ్ఞానాంబ ఆవు తలను వదల్లేదు. మొగుడి వంక కూడా చూడలేదు. "ముందు దాన్ని చూడండి సార్" అని మాత్రం అంది.

అలమేలును పడగొట్టి, నోట్లో కట్టె అడ్డంపెట్టి చూస్తే నాలుక మధ్యలో రేకు మెరుస్తూ కనబడింది. రెండు ముళ్లు కండలోకి దిగిపోయి ఉన్నాయి. కృష్ణమూర్తి పట్టకారుతో ముళ్ల కొసలను కండలోంచి బయటికి పొడిచి కత్తిరించి, ఒక్కొక్కటే వెనక్కి లాగాడు. చీలిన చోట కుట్లు వేశాడు. "బతుకుతాది. గొట్టం దించి ఉంటే పోయేది" అన్నాడు చేతులు కడుక్కుంటూ. శెట్టి ఏడ్చాడు. ఎవరున్నారని చూడకుండా, కొట్టం గోడకు ఆనుకుని ఏడ్చాడు.

అందరూ వెళ్లాక జ్ఞానాంబ ఆయన ముందుకు వచ్చి నిలబడింది. చేపల మాట ఎత్తుతుందని ఆయన తల దించుకున్నాడు.

"మీకు పొద్దున్నే తెలుసునా?"

"తెలుసు."

"నేను ఉప్పు రుద్దుతుంటే దవడ పట్టుకున్నది మీరే గదా."

ఆయన జేబులో చేయి పెట్టాడు, ఎందుకో తెలియదు. బిరడా చేతికి తగిలింది. బయటికి తీశాడు. "దీనికి గుచ్చి పెట్టాల్సింది. నువ్వు వచ్చిన అలికిడికి..." అని ఆగిపోయాడు.

జ్ఞానాంబ ఆ బిరడాను చూసింది. "దినమంతా ఇది మీ జేబులోనే ఉండాది" అంది. ఆ తర్వాత ఆమె ఏమీ అనలేదు. ఆ రోజూ అనలేదు, మరునాడూ అనలేదు.

మూడోనాడు గంజి కాచి, చల్లార్చి, గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. "అది గడ్డి మేసేదాకా మీరే తాపండి. నా చేతి ఉప్పు వాసన దానికి తెలుస్తాది, నా దగ్గరికి రావడంలేదు" అని లోపలికి వెళ్లిపోయింది.

శెట్టి గిన్నె తీసుకుని కొట్టంలోకి వెళ్లాడు. తననూ తోసేస్తుందనుకున్నాడు. తోసేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. అలమేలు మెడ సాచి గంజి తాగింది. తాగడం అయ్యాక, రోజూ చేసినట్టే, ఆయన అరచేయి నాకింది. గరుకైన ఆ నాలుక మధ్యలో కుట్టు ముడి చేతికి తగిలింది. అది మళ్లీ నాకింది. ఆయన చేయి వెనక్కి తీసుకోలేదు.