రత్నమ్మ సాక్ష్యం

రత్నమ్మ ఒళ్లునొప్పులకు ఫైబ్రోమయాల్జియా అని పేరు తెలిసి ఏడాదైంది. ఆ జబ్బు మీద పరిశోధన చేస్తున్న హనుమకొండ డాక్టరమ్మ ముందు రక్తం తీసింది, తర్వాత స్వభావం గురించి అడిగింది.

"చిన్నదానికే భయపడతారా?"

"ఈమెకు ఫికర్ ఎక్కువ మేడం. కుక్కర్ కూతేసినా ఉలిక్కిపడ్తది," అన్నాడు భర్త సుందర్ రావు.

"నిన్ను చేసుకున్నంక ఉలిక్కిపడక ఏంజేస్త?" అని నవ్వబోయి, రత్నమ్మ నొప్పికి తన భుజం పట్టుకుంది. "మా అమ్మకు గిట్లనే ఉండె మేడం. తప్పు రక్తంల ఉన్నదా, నా గుణంల ఉన్నదా?"

"రెండింటికీ సంబంధం ఉందేమోనని చూస్తున్నాం. ఇంకా తెలియదమ్మా."

రెండూ దేవుడిచ్చినవే కదా, మరి తప్పెవరిది అనుకుంది రత్నమ్మ.

"ఇప్పుడు నొప్పి ఎలా ఉంది?"

"పోయింది మేడం!" అన్నాడు సుందర్ రావు. "ఆదివారం చర్చిల, దేవుడు బాగుచేసిండని సాక్ష్యం చెప్పింది. సంఘపోళ్లందరు స్తోత్రం చెప్పిండ్రు."

సాక్ష్యం చెప్పిన పూట రత్నమ్మకు నిజంగానే హాయిగా ఉంది. మర్నాటికి నొప్పి తిరిగొచ్చింది. ఆ మాట ఆమె ఇంట్లో కూడా చెప్పలేదు. ఉందంటే దేవుడి పేరు పోతుంది, లేదంటే అబద్ధమవుతుంది.

"మీరే చెప్పండమ్మా."

భర్త ముఖంలోని వెలుగు చూసింది రత్నమ్మ.

"నొప్పి లేదు మేడం."

డాక్టరమ్మ అదే రాసుకుంది. నొప్పితో ముడవరాని వేళ్లను ఒళ్లో పెట్టుకుని రత్నమ్మ తర్వాతి ప్రశ్న కోసం కూర్చుంది.